స్విచ్‌బోర్డుకు అంటించిన కోరికలు

మా వీధి చివర కొత్తగా పెట్టిన కోచింగ్ సెంటర్ వాళ్లు ఆ మధ్య నన్ను పిలిచారు. ఉద్యోగం చేసి రిటైరైన ఆడవాళ్లు పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాలట. వెళ్లాను. క్లాసు గోడ నిండా పసుపుపచ్చ చిన్న కాగితాలు అంటించి ఉన్నాయి. "గ్రూప్ టూ కొట్టాలి" అని ఒకటి, "సెల్‌ఫోన్ ముట్టను" అని ఒకటి, "అమ్మకు మాటిచ్చాను" అని ఇంకొకటి. ఆ సెంటర్ నడిపే అబ్బాయి గొప్పగా చూపించాడు. "మేడం, గిది ఫారిన్ పద్ధతి. ఏం గావాల్నో చేత్తోని రాసి కండ్ల ముంగట పెట్టుకుంటే సగం పని అయినట్టే" అన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే ఒళ్లు మండింది. ఆ ఫారిన్ పద్ధతిని ఎనభైల చివర్లో సిద్దిపేట టెలిఫోన్ ఎక్స్చేంజిలో మేమిద్దరం ఆడవాళ్లం ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టాం. అదెక్కడికి దారితీసిందో మైకు ముందు చెప్పే ధైర్యం చాలక, కష్టపడితే ఫలితం ఉంటుందని ఏదో చెప్పి, వాళ్లు కప్పిన శాలువా తెచ్చుకున్నాను. చెప్పకుండా మింగేసిన మాటలు ఇవి. పిల్లలూ, తియ్యగా ఉండవు, ముందే చెబుతున్నాను.

మీరిప్పుడు జేబులోంచి ఫోను తీసి అమెరికాలో ఉన్నవాడితోనైనా మాట్లాడేస్తున్నారు. అప్పట్లో హైదరాబాద్‌తో మాట్లాడాలన్నా మమ్మల్ని బతిమాలుకోవాలి. మీరు ఫోనెత్తితే మా బోర్డు మీద మీ నంబరు దగ్గర చిన్న రేకు టప్పున పడేది. కావలసిన ఊరు, నంబరు అడిగి చీటీ మీద రాసుకుని, హైదరాబాద్ ఆపరేటర్‌ను పిలిచి, లైను దొరికాక తీగ గుచ్చి కలిపేవాళ్లం. కాల్స్‌లో మూడు రకాలుండేవి. ఆర్డినరీ అంటే మీ వంతు వచ్చేదాకా కూర్చోవాలి. అర్జెంట్ అంటే ఆర్డినరీల కన్నా ముందు. లైట్నింగ్ అంటే అందరికన్నా ముందు. డబ్బులూ ఆ వరసలోనే పెరిగేవి. ఇక మాకు బైబిల్ లాంటి రూలు ఒకటుంది. బోర్డు ముందు కూర్చున్న మనిషి, తన బదులు ఇంకొకరు వచ్చి హెడ్‌సెట్ తగిలించుకునే దాకా కుర్చీ దిగకూడదు. ఇంట్లో ఏం జరిగినా సరే, రిలీఫ్ రానిదే లేవకూడదు.

నా పక్క కుర్చీలో ఒక ముస్లిం అమ్మాయి కూర్చునేది. నాకన్నా చాలా చిన్నది. ఆమె తండ్రి పాత బజారులో పెట్టెలకు తాళాలు బిగించే పని చేసేవాడు. నేను పర్మనెంట్ ఆపరేటర్‌ను. ఆమె రోజువారీ లెక్కన పిలిచే ఆపరేటర్. పనొకటే, కుర్చీ ఒకటే, జీతం మాత్రం పిలిచిన రోజుకే. పర్మనెంట్ వాళ్లలో ఎవరైనా పోతే, ఆ ఖాళీలో ఆమెను తీసుకోవాలి. మాటల పుట్ట. లైను దొరకక నేను విసుక్కుంటుంటే, "అక్కా, హైదరాబాదోళ్లు నిద్రపోతున్నరు, జోలపాట ఆపుమని చెప్పు" అని నవ్వించేది.

చీటీల సంగతి ఆమెతోనే మొదలైంది. ఒక మధ్యాహ్నం కాల్స్ లేక ఖాళీగా ఉన్నాం. నేను ఏదో దిగులులో, పాత కాల్ చీటీ వెనక "సుఖంగా ఉండాలి" అని రాశాను. ఎందుకు రాశానో నాకే తెలియదు. ఆమె లాక్కుని, తెలుగు చదవడం రాదు కాబట్టి నాచేతే చదివించుకుని, ఆపరేటర్ గొంతు పెట్టింది. "నంబర్ ప్లీజ్?" అంది.

"ఏం నంబరు?"

"సుఖం నంబరు. ఏ ఊరు, ఎవ్వరితోని మాట్లాడాలె, ఎంతసేపు? గదేదీ లేకుండ కాల్ బుక్ జేస్తే నేనెట్ల కలుపుతనక్కా?"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. కానీ ఆ మాట నా బుర్రలో తిష్ఠ వేసింది. నిజమే కదా. నంబరు లేని కాల్‌ను దేవుడు కూడా కలపలేడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి అన్నం వండుతూ అదే ఆలోచించాను. నాకేం కావాలి? సుఖం కాదు. నాకు ఆ బోర్డు వెనక తలుపు తెరవాలని ఉంది. ఇన్నేళ్లుగా ముందు కూర్చుని తీగలు గుచ్చుతున్నాను. వెనక ఏముందో చూసే హక్కు మాత్రం టెక్నికల్ మగవాళ్లకే ఉంది. రిపేరుకు వచ్చినప్పుడు వాళ్లు తలుపు తెరిస్తే, రంగు రంగుల తీగల గుత్తులు కనిపించేవి. మెడ చాచి చూస్తే, "మేడం, మీరు హలో హలో చెప్పుకోన్రి, గిది మీ పని గాదు" అనేవాళ్లు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. పైగా ఆటోమేటిక్ ఎక్స్చేంజి వస్తోందని, వస్తే మా బోర్డులు పీకేసి ఆపరేటర్లను తలో దిక్కుకు పంపుతారని అందరూ అనుకుంటున్నారు. టెక్నికల్ వాళ్లకు మాత్రం ఢోకా లేదు. అటు వైపు వెళ్లడానికి మా శాఖలోనే ఒక పరీక్ష ఉండేది. దానికి వయసు హద్దు ఉంది. నాకు ఒక్కసారికే అవకాశం మిగిలింది.

మర్నాడు చీటీ మీద "టెక్నికల్ పరీక్ష" అని రాశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అది ఊరి పేరేనట, నంబరు కాదట. అప్పుడు దాన్ని ముక్కలు చేశాం. అప్లికేషన్ పంపడం ఒక చీటీ. పుస్తకం సంపాదించడం ఒక చీటీ. కరెంటు పాఠం ఒకటి, బ్యాటరీల పాఠం ఒకటి, లెక్కలు ఒకటి. ఇప్పుడు కొట్లో దొరికే జిగురు కాగితాలు మాకెక్కడివి? పక్కనే పోస్టాఫీసు. స్టాంపుల షీట్లకు అంచున తెల్లటి పట్టీ ఉంటుంది, దాని వెనక కూడా బంక ఉంటుంది. స్టాంపులు చింపాక ఆ పట్టీలు పారేసేవాళ్లు. అవి అడిగి తెచ్చుకుని, నాలుకతో తడిపి, చీటీని బోర్డు చెక్క అంచుకు అంటించేవాళ్లం. ఆ బంక చేదు నాకిప్పటికీ తెలుసు. ఒక పని అయిపోతే, కాల్ పూర్తయిన చీటీకి గీసినట్టే అడ్డంగా ఒక గీత గీసి, ఊడదీసేవాళ్లం.

ఆమె ఉర్దూ మీడియంలో చదివింది. తన చీటీలు ఉర్దూలో రాసుకునేది. నాకు ఒక్క అక్షరం తెలియదు కాబట్టి పైకి చదివి వినిపించేది. "పర్మనెంట్ కావాలె. గిది పెద్దది. దీని కింద చిన్నయి. హైదరాబాద్ ఆపరేటర్ గదమాయిస్తే ఏడ్వద్దు. ఇంగ్లీషుల అంకెలు తడబడకుండ చెప్పాలె. సార్ ముంగట దుపట్టా కొస నలుపుడు బంద్ జేయాలె." చివరిది రాయడానికే సిగ్గుపడింది. కొన్ని నెలల్లో నిజంగానే ఆ అలవాటు మానేసింది. అందుకే చెబుతున్నాను, చీటీలు పనిచేయవని నేననను. పనిచేస్తాయి. చేత్తో రాసేటప్పుడు అబద్ధం ఆడటం కష్టం. నాకు వచ్చేవని అనుకున్న లెక్కలు రావని చీటీలే చెప్పాయి, ఎందుకంటే ఆ చీటీ ఎంతకూ ఊడేది కాదు. మగవాళ్లు నవ్వేవాళ్లు. "బోర్డుకు తాయత్తులు గట్టిన్రా?" అని ఒక లైన్‌మన్ అడిగాడు. నీ నోటికి కట్టడానికి ఒకటి మిగిలింది, రమ్మన్నాను. మళ్లీ అడగలేదు.

మేం సార్ అని పిలిచే మా సూపర్‌వైజర్ మాత్రం నవ్వలేదు. ఆయనది నిజామాబాద్ అవతల పల్లె. కుటుంబం అక్కడే, ఈయన ఇక్కడ గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేవాడు. మంచి మనిషనే అందరూ అనేవాళ్లు, నేను కూడా. టీ తెప్పిస్తే మా ఇద్దరికీ తప్పకుండా తెప్పించేవాడు. నా చీటీలన్నీ నిదానంగా చదివి, "గిట్ల రాసుకోవాలెనని నాకెందుకు తట్టలేదమ్మా ఇన్ని రోజులు? మంచిగున్నది" అన్నాడు. హైదరాబాద్ వెళ్లినప్పుడు పరీక్ష పుస్తకం ఆయనే కొనుక్కొచ్చాడు. నా అప్లికేషన్ మీద సంతకం పెట్టి పైకి పంపింది కూడా ఆయనే. వయసు గడిలో వేలు పెట్టి, "ఇగ గిదే ఆఖరుసారి, యాద్ పెట్టుకో" అన్నాడు. ఆ మాట మరిచిపోకండి. ఆయన మరిచిపోయాడు.

పరీక్ష హైదరాబాద్‌లో, మధ్యాహ్నం రెండింటికి. ఆ రోజుకు సెలవు అడిగితే, మనుషులు చాలరు కాబట్టి పొద్దున కాసేపు పని చేసి వెళ్లమన్నారు. పొద్దున డ్యూటీకి ఎక్కి, ఎనిమిదింటికి పక్క కుర్చీ అమ్మాయికి బోర్డు అప్పగించి, బస్సెక్కాలి. సార్ ఎక్స్చేంజిలోనే ఉంటాడు కాబట్టి రోజువారీ మనిషైనా ఒక్కతే బోర్డు చూసుకోవచ్చు. అలా ఒప్పందమైంది. ఆ అమ్మాయి సంబరం చూడాలి. నేను పాసై వెళ్లిపోతే నా కుర్చీ ఆమెది. "అక్కా, నువ్వు మంచిగ రాయి. నీ కోసం గాదు, నా కోసం రాయి" అని ముందు రోజంతా ఆటపట్టించింది.

ఆ రోజు ఎనిమిదికి ముందే వచ్చింది. చేతిలో మూతబిగించిన డబ్బా. వాళ్లమ్మ నాకోసం రొట్టెలు, ఆలుగడ్డ కూర పంపింది. నేను లేచాను, ఆమె కూర్చుంది, హెడ్‌సెట్ తగిలించుకుంది. రూలు ప్రకారం నా పని అయిపోయింది. సంచి భుజానికి వేసుకుని గడప దాకా వచ్చాను. ఎదురుగా జీపు ఆగింది.

దిగినాయన మా చుట్టుపక్కల అందరికీ తెలిసిన పెద్దమనిషి. దౌల్తాబాద్ వైపు చాలా భూములు, సిద్దిపేటలో వ్యాపారం, ఈ మధ్యనే రాజకీయాల్లో తిరుగుడు. హైదరాబాద్ ఆఫీసుల్లో ఆయన చెబితే పనులవుతాయని పేరు. ఇంట్లో ఫోను గరగర అంటోందని స్వయంగా వచ్చాడు. బొంబాయి కావాలట.

"లైట్నింగ్ బుక్ చేయమంటరా?" అని సార్ అడిగాడు.

"లైట్నింగ్ ఎందుకయ్యా పైసలు దండుగ? ఆర్డినరీ రాయి. నువ్వుండంగ నాకు లైట్నింగ్‌తోని ఏం పని?" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

బొంబాయి కాల్ హైదరాబాద్ మీదుగా పోవాలి. ఆ అమ్మాయి పిలిచింది. అటు ఆపరేటర్ "సిద్దిపేట, వెయిట్" అని తీగ లాగేసింది. మళ్లీ పిలిచింది. మళ్లీ అంతే. రోజువారీ పిల్ల గొంతు వాళ్లకు కొత్త. నా గొంతు పాతది. ఏళ్ల తరబడి వాళ్లతో పండగలకు పలకరించుకుని, పిల్లల జ్వరాలు అడిగి, పోట్లాడి, ఒక్కొక్కరిని మచ్చిక చేసుకున్నాను. నేనడిగితే ఆర్డినరీ కాల్‌కు కూడా ఎక్కడో ఒక లైను వెతికి ఇచ్చేవాళ్లు. ఆ సంగతి ఎక్స్చేంజిలో అందరికీ తెలుసు. పెద్దమనిషికి కూడా తెలుసు.

"గా అమ్మ ఏది? జల్దీ కలుపుతదంటరు గదా?" అని ఆయన అడిగాడు.

ఆ పిల్లకు లైను దొరుకుతుందో లేదోనని గడప దగ్గరే ఆగిన నా వైపు సార్ చూశాడు. నేను సంచి పట్టీ గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మా, గీ ఒక్క కాల్ కలిపి పో."

"సార్, బస్సు పోతది. నాకియ్యాల పరీక్ష."

"నాకెరుక గాదా? పది నిమిషాల పని. దీని తర్వాత ఇంకో బస్సు లేదా? నేనే స్కూటర్ మీద బస్టాండుల దించుత."

"సార్, రిలీఫ్ అయిపోయింది."

"అమ్మా." గొంతు తగ్గించాడు. "పెద్దోళ్లతోని పని. నా ఇజ్జత్ తీయకు."

ఆ అమ్మాయి హెడ్‌సెట్ తీయలేదు. రెండు చేతులతో అదిమి పట్టుకుని, "సార్, నేను కలుపుత. జర టైమియ్యిన్రి, నేనే కలుపుత" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు. సార్ ఆమెను కసురుకోలేదు, చెయ్యి చాపాడు, అంతే. హెడ్‌సెట్ తీసి ఇచ్చింది. అది నా చేతికి వచ్చింది. కూర్చున్నాను.

పది నిమిషాలన్నాడు. బొంబాయి లైన్లు ఆ పొద్దున ఎవరికీ పలకలేదు. హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఆపరేటర్ దొరికింది, బతిమాలాను, ఆమె పాపం తన వంతు ప్రయత్నం చేసింది. లైను దొరికితే అటు నంబరు ఎంగేజ్. నంబరు దొరికితే లైను తెగిపోయేది. పెద్దమనిషి టీ తాగాడు, సిగరెట్ కాల్చాడు, సార్‌తో వానల గురించి మాట్లాడాడు. నా పక్కన ఆ అమ్మాయి నిలబడే ఉంది. నేను వెళ్లాల్సిన బస్సు హారన్ కొట్టుకుంటూ మా ఎక్స్చేంజి ముందు నుంచే వెళ్లిపోయింది. దాని తర్వాతది కూడా పోయింది. సార్ అటు వైపు తల తిప్పలేదు. లేచి పోవచ్చు కదా అని మీరడుగుతారు. హెడ్‌సెట్ నా తల మీద ఉంది, రిలీఫ్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషికి దాన్ని ఇవ్వడానికి సార్ ఒప్పుకోడు. ఆ రూలు నాకు ఎముకల్లో ఇంకిపోయింది. కాల్ వదిలేసి లేవడం అనే ఆలోచన కూడా రాకుండా తయారు చేశారు మమ్మల్ని.

పదిన్నర దాటాక బొంబాయి పలికింది. లైను బాగుందో లేదో చూడటానికి మొదట్లో కాసేపు వినాలి, అది మా డ్యూటీ. విన్నాను. పెద్దమనిషి బొంబాయిలో ఉన్న బావమరిదితో మాట్లాడుతున్నాడు. కొత్త జీపుకు సీటు కవర్లు పంపుతున్నాడట ఆ బావమరిది. "మెరూన్ పంపు, నీలం వద్దు. దుమ్ముకు నీలం ఆగది" అని గట్టిగా అరిచి చెబుతున్నాడు.

నేను వినే కీ మూసేశాను. ఆ అమ్మాయి నా తల మీది నుంచి హెడ్‌సెట్ లాగేసుకుని, "ఉరుకు అక్కా" అంది.

సార్ స్కూటర్ మాట ఎత్తలేదు. పెద్దమనిషిని జీపు దాకా సాగనంపడానికి వెళ్లాడు. నేను రిక్షా కోసం చూడకుండా పరుగెత్తాను. చాలాసేపటికి బస్సు దొరికింది. సికింద్రాబాద్‌లో దిగి ఆటో ఎక్కి ఆ పరీక్ష జరిగే స్కూలుకు చేరేసరికి రెండున్నర దాటింది. అరగంట దాటితే లోపలికి రానివ్వరు. గేటు దగ్గరి ఆఫీసరు పెద్దవాడే, మర్యాదస్తుడే. హాల్ టికెట్ చూసి, "సిద్దిపేట నుంచా? జర ముందే బయలెల్లాలె గదమ్మా" అన్నాడు. ఎలా చెప్పను? గేటు ఊచల్లోంచి లోపలి వరండా కనిపిస్తోంది. తలలు వంచుకుని రాస్తున్నారు. దాదాపు అందరూ మగవాళ్లే. ఒక్క బల్ల ఖాళీగా ఉంది. అది నాదే అయి ఉండాలి. ఆ గేటు పక్కన అరుగు మీద కూర్చుని, డబ్బా తెరిచి, రొట్టెలు తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. ఆకలేస్తోంది మరి.

మర్నాడు డ్యూటీకి వెళ్లగానే సార్ పలకరించాడు.

"ఎట్ల రాసినవమ్మా?"

నేనాయన మొహంలోకి చూశాను. వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నిన్నటి పొద్దున్న ఆయనకు పెద్దమనిషి కాల్ కలిసిన పొద్దున్న మాత్రమే.

"రాయలేదు సార్. రానియ్యలేదు."

"అరె! గట్లనా?" అని నాలుక చప్పరించాడు. "పోనీ తియ్యి. వచ్చే ఏడు రాద్దువు."

వచ్చే ఏడు నాకు వయసు దాటిపోతుందని వేలు పెట్టి చూపించినాయన అన్న మాట అది. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది, ఆ రోజు మాత్రం ఎక్కడికి పోయిందో. బోర్డు ముందు కూర్చుని మిగిలిన చీటీలన్నీ ఒక్కొక్కటిగా ఊడదీశాను. ఏ ఒక్కదానికీ గీత గీయలేదు. ఆ అమ్మాయి చూస్తూ కూర్చుంది. కాసేపటికి తనవి కూడా తీసేసింది. నీవెందుకు తీశావని అడిగితే, "నీ కుర్చీ ఖాళీ గాలే గదక్కా" అంది. అందులో నా మీద నింద లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

కొన్ని నెలలకు సార్‌కు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. సొంతూరి పక్కనే. అంత మంచి జాగ అంత తొందరగా ఎవరికీ రాదు. వీడ్కోలు సభ పెట్టాం. బూంది, మిక్చర్, బంతిపూల దండ. అందరూ మాట్లాడాక ఆయన లేచాడు.

"నేను ఈడ అందరి దగ్గర ఏదో ఒకటి నేర్చుకున్న. గీ అమ్మ దగ్గర మాత్రం పెద్దది నేర్చుకున్న" అని నా వైపు చెయ్యి చూపించాడు. అందరూ తిరిగి చూశారు. "కోరిక ఉంటే చీటీ మీద రాయాలె. నంబరు వేయాలె. ఎవ్వరిని పట్టుకుంటె అయితదో రాయాలె. నేను గూడ రాసుకున్న. ఎవ్వరికి చెప్పలే. పర్సుల పెట్టుకుని రోజు సూసుకున్న."

పర్సు తీశాడు. నాలుగు మడతల చీటీ. విప్పి చదివాడు. "సొంతూరికి ట్రాన్స్‌ఫర్" అని ఉంది. దాని కింద ఆ పెద్దమనిషి పేరు. దాని కింద, "ఆయనకు కాదనకుండ పని జేసి పెట్టాలె" అని.

"ఒకనాడు బొంబాయి కాల్ కలవక నా ఇజ్జత్ పోయేదుండె. గా దినం గీ అమ్మ కూసోని కలిపింది. లేకుంటే నేను ఇయ్యాల మీ ముంగట గీ దండ ఏసుకునెటోణ్ణి గాదు" అని రెండు చేతులెత్తి నాకు దణ్ణం పెట్టాడు. కళ్లు తడిసి ఉన్నాయి. కపటం లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు అప్పుడు తెలిసింది. మేమిద్దరం పిచ్చివాళ్లలాగా ఊరందరికీ కనిపించేలా అంటించుకున్నాం. మాకేం కావాలో ఆయనకు తెలుసు. ఆయనకేం కావాలో మాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ పొద్దున పెద్దమనిషి జీపు చప్పుడు వినగానే వెనక గుమ్మం గుండా దూకి పారిపోయేదాన్ని. కోరిక రాసుకోవడం నేర్పించే వాళ్లెవరూ, మీ కోరికను ఆపగల మనిషి జేబులో ఏముందో కూడా కనుక్కోమని చెప్పరు. గోడ నిండా కాగితాలు అంటించుకునే పిల్లలూ, మీకిది చెప్పాలనే ఇంత రాశాను. మీరు కష్టపడరని కాదు. మీరు కష్టపడుతున్నది చూసి, మీ చేత ఇంకొకరి పని చేయించుకోవడం తేలిక.

ఇంకొకటి మిగిలింది. దాన్ని చెప్పడం అన్నిటికన్నా కష్టం.

సార్ వెళ్లిన రెండు మూడు నెలలకు, ఆటోమేటిక్ ఎక్స్చేంజి రావడం ఖాయమైంది. ముందుగా రోజువారీ వాళ్లను ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. మా అమ్మాయికి అది ఆఖరి వారం. వాళ్లన్నయ్య హుస్నాబాద్‌లో గాజుల కొట్టు పెట్టాడు, అక్కడికి పోయి కూర్చుంటానంది. ఇంగ్లీషు అంకెలు ఇప్పుడు తడబడకుండా చెప్పగలదు. హైదరాబాద్ ఆపరేటర్‌ను ఎదురు గదమాయించగలదు. గాజుల కొట్లో వాటితో ఏం పని?

ఒక పొద్దున ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఉన్నాం. హైదరాబాద్ ఆపరేటర్ పిలిచి, నిజామాబాద్ వైపు నుంచి సిద్దిపేటకు కాల్ ఉందని లైను ఇచ్చింది. అటునుంచి సార్ గొంతు.

"ఎవరు, నువ్వేనా అమ్మా? నీ గొంతు ఇనంగనే పానం నిమ్మళమైంది. మా పెద్దమనిషి ఇంటికి జర కలుపు. మా తమ్ముని కొడుకు నౌకరి సంగతి మాట్లాడాలె. జల్దీ అమ్మా."

ఆ అమ్మాయి అంతా వింటోంది. తన తీగ పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, లైన్ ఖరాబున్నదని చెప్పు. ఒక్కటే మాట. ఎవ్వరడుగరు."

నిజమే. ఎవరూ అడగరు. వానాకాలం, రోజుకు ఎన్నో లైన్లు తెగేవి. ఆయన ఆ రోజంతా, మర్నాడంతా అక్కడ ఫోను పట్టుకుని కూర్చునేవాడు. నేను చేయాల్సిందల్లా చెయ్యి కదపకుండా ఉండటం.

చెయ్యి కదిలింది. పెద్దమనిషి నంబరులో తీగ గుచ్చింది, గంట కొట్టింది. అటు ఫోనెత్తారు. "మాట్లాడండి సార్" అన్నాను. అదే గొంతు, అదే మర్యాద, ఒక్క క్షణం ఆలస్యం లేదు.

ఆమె నా చెయ్యి వదిలేసింది. కోపంగా లేదు. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"గా దినం నిన్ను వాళ్లు ఎందుకు ఇడ్శిపెట్టలేదో ఇప్పుడు సమజైంది అక్కా" అంది.

ఆమె మీద విరుచుకు పడాలని తిరిగాను. అంతలో బోర్డు మీద ఇంకో రేకు పడింది. "నంబర్ ప్లీజ్" అన్నాను.